మోసము వేగము, మొర వేగము

మోసము మానవ సమాజమంత ప్రాచీనమైనది. త్రాసు పుట్టిననాడే దొంగ తూకమును, నాణెము పుట్టిననాడే కల్తీ నాణెమును పుట్టినవని చెప్పవచ్చును. కాని మోసమునకు వాహనములు మాత్రము కాలముతోపాటు మారుచు వచ్చినవి. ఒకప్పుడు అది కాలినడకన వచ్చెడిది. తరువాత తపాలా సంచిలో వచ్చినది. నేడు అంతర్జాలమున, అరచేతిలోని ఫోనులో, ఒక్క క్షణమున వచ్చి మరుక్షణమున సొమ్ము కొనిపోవుచున్నది.

మోసపోకుండ ఎట్లు జాగ్రత్తపడవలెనో అందరును చెప్పుదురు. మోసపోయిన తరువాత ఏమి చేయవలెనో చెప్పువారు తక్కువ. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినవని మనకొక సామెత కలదు. ఆ సామెతలో వినోదముతోపాటు ఒక సత్యము కూడ ఇమిడియున్నది. మొర ఎంత బిగ్గరగ పెట్టితిమను దానికంటె ఎంత త్వరగ పెట్టితిమనునదే ముఖ్యము. మోసపోయినవాని మొరకు వేగమును, బలమును ఒక్కనాట వచ్చినవి కావు. అవి ఎట్లు వచ్చినవో, వానిని నేడు మనము ఎట్లు వినియోగించుకొనవలెనో ఈ వ్యాసమున పరిశీలింతము.

చెరసాలనుండి వచ్చిన ఉత్తరములు

ఫ్రాన్సు దేశమున 1789లో మహావిప్లవము చెలరేగెను. ప్రభువులు అనేకులు తమ కోటలను, ఆస్తులను విడిచి విదేశములకు పారిపోయిరి. ఈ సంగతి దేశమందంతట అందరికిని తెలిసినదే. దీనిని కొందరు ఖైదీలు తమకు అనుకూలముగ మార్చుకొనిరి. పారిస్ నగరము చెంత బిసెత్ర్ అను చెరసాల ఉండెడిది. అందలి ఖైదీలు పల్లెపట్టులలోని ధనికుల పేర్లు, చిరునామాలు సంపాదించి వారికి ఉత్తరములు వ్రాసెడివారు. తాను ఫలానా ప్రభువువద్ద సేవకుడననియు, పారిపోవునప్పుడు తమ దొర నగల పెట్టెను ఆ ఊరి సమీపమున దాచెననియు, దానికొరకు తిరిగి వచ్చి తాను చెరపాలైతిననియు, కొంచెము సొమ్ము పంపినచో పెట్టె ఉన్న చోటు తెలిపి అందు భాగమిత్తుననియు ఆ ఉత్తరముల సారాంశము.

ఈ వృత్తాంతమును యూజీన్ ఫ్రాన్స్వా వీడొక్ అనునాతడు 1828లో వెలువడిన తన స్వీయచరిత్రలో వివరించెను. ఇతడు మొదట నేరస్థుడై చెరసాలలు చూచి, తరువాత పారిస్ పోలీసు శాఖలో ప్రసిద్ధుడైనవాడు. ఇట్టి ఉత్తరములను నూరు వ్రాసినచో ఇరువదింటికి జవాబులు వచ్చెడివని ఇతడు తెలిపెను. పారిస్ పోలీసు కార్యాలయమున్న వీథి పేరును బట్టి వీనిని జెరూసలేము ఉత్తరములనిరి. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున ఇదియే కథ 'స్పెయిను ఖైదీ' అను పేరుతో ఐరోపా, అమెరికా ఖండములలో తిరిగినది. 1980 తరువాత నైజీరియానుండి ఇదే మాదిరి ఉత్తరములు వచ్చినవి. ఆ దేశపు శిక్షాస్మృతిలో వంచనకు సంబంధించిన సెక్షను సంఖ్యను బట్టి వీనికి '419' అను పేరు వచ్చినది. అటుపై ఇవి ఈమెయిలు రూపమును ధరించినవి. లాటరీ తగిలినదనియు, విదేశమునుండి వచ్చిన బహుమతి కస్టమ్స్‌వారి వద్ద నిలిచిపోయినదనియు నేడు వచ్చు సందేశములు ఆ చెరసాల ఉత్తరముల సంతతియే.

ఇందు గమనింపదగిన విషయములు రెండు. మొదటిది, నూటికి ఎనుబదిమంది నమ్మకున్నను మోసగానికి నష్టము లేదు. జవాబు వ్రాసిన ఇరువదిమంది తమంతట తామే వలలోనికి వచ్చినవారు. రెండవది, సొమ్ము పోయిన తరువాత ఆ ధనికుడు ఠాణాకు పోవుట కష్టము. పరుల నగలలో భాగమునకు ఆశపడితినని తానే ఒప్పుకొనవలసి వచ్చును. తేలు కుట్టిన దొంగ నోరు మెదపడందురు. ఇక్కడ దొంగ హాయిగనే ఉన్నాడు. సొమ్ము పోయినవాడే తేలు కుట్టిన దొంగవలె మిన్నకుండును. మోసగాని ఉపాయములన్నిటిలోను ఇదియే గట్టిది.

ఒక గడియారపు కథ

1849లో న్యూయార్కు నగరమున విలియం థాంప్సన్ అను ఒకడు తిరుగుచుండెను. చక్కని దుస్తులు ధరించి, వీథిలో పోవు పెద్దమనుష్యుని పాత స్నేహితునివలె పలుకరించి, కొంతసేపు ముచ్చటించి, తనయందు విశ్వాసమున్నచో మరునాటివరకు గడియారమును తనకిమ్మని అడిగెడివాడు. మొగమాటమునకు కొందరు ఇచ్చిరి. అట్లిచ్చినవారిలో థామస్ మెక్‌డోనాల్డ్ అనునాతడొకడు. అతని గడియారము వెల 110 డాలర్లు.

రెండు నెలల తరువాత అదే నగరమున మెక్‌డోనాల్డునకు వీథిలో ఆ మనుష్యుడు కంటబడెను. ఇతడు సిగ్గుపడి తప్పుకొనలేదు. వెంటనే పోలీసును పిలిచి పట్టించెను. ఈ వార్త పత్రికలో పడెను. 'విశ్వాసపు మనిషి' అను అర్థముగల ఇంగ్లీషు మాట వంచకునికి పర్యాయపదముగ ఈ సందర్భమునుండియే వ్యాప్తికి వచ్చినది.

ఒకడు నోరు విప్పుటచే వంచకుడు పట్టుబడెను. అంతేకాదు. వాని పద్ధతి ఊరికంతటికిని తెలిసినది. ఫిర్యాదు సొంత సొమ్ముకొరకు మాత్రమే కాదు, తరువాత మోసపోనున్నవారి కొరకును అని ఈ కథ తెలుపుచున్నది. అయితే రెండు నెలలలో గడియారము ఎన్ని చేతులు మారియుండునో ఊహింపవచ్చును. ఆనాటి మొరకు నోరున్నది గాని కాళ్లు లేవు.

గోపురములమీది దొంగ సంకేతములు

వార్త వేగముగ పోవుట మొదలుకాగానే మోసము దానినెక్కి కూర్చుండెను. విద్యుత్తు తంతి రాకపూర్వము ఫ్రాన్సులో దృశ్య తంతి యుండెడిది. క్లాడ్ షాప్ అనునాతడు నిర్మించిన ఈ ఏర్పాటున మొదటి మార్గము 1794లో పారిస్, లీల్ నగరముల మధ్య పనిచేయ మొదలిడెను. కొండలపై, ఎత్తైన కట్టడములపై వరుసగ గోపురములు కట్టి, వాని తలలపై కదలెడి కొయ్య చేతులను అమర్చిరి. ఒక గోపురమువాడు దుర్భిణితో వెనుకటి గోపురపు చేతుల భంగిమను చూచి, దానినే తన చేతులతో చూపును. ఇట్లు సంకేతము గుఱ్ఱపు బండికంటె ఎన్నో రెట్లు వేగముగ పోయెడిది. ఇది ప్రభుత్వ కార్యములకు మాత్రమే.

బోర్డో నగరమున ఫ్రాన్స్వా బ్లాంక్, జోసెఫ్ బ్లాంక్ అను సోదరులు ప్రభుత్వ ఋణపత్రముల వ్యాపారము చేయుచుండిరి. పారిస్‌లో ధర పెరిగినను తగ్గినను ఆ వార్త తపాలా బండిలో బోర్డో చేరుటకు కొన్ని దినములు పట్టెడిది. అందరికంటె ముందు తెలిసినవానికి లాభము నిశ్చయము. అందుచే సోదరులిరువురు దారిలోనున్న తూర్ పట్టణపు తంతి ఉద్యోగికి లంచమిచ్చిరి. పారిస్‌నుండి తమ మనిషి పంపిన వస్తువును బట్టి ఆ ఉద్యోగి ప్రభుత్వ సందేశము నడుమ ఒక తప్పు సంకేతమును చొప్పించి, వెంటనే అది పొరపాటు అను గుర్తును కూడ పంపును. చూచువారికి అది చేతి పొరపాటువలె కనబడును. బోర్డోలో గోపురమును కనిపెట్టుకొనియున్న వారి మనిషికి మాత్రము అదియే ధరవార్త.

1834నుండి 1836వరకు రెండేండ్లు ఇది సాగెను. తుదకు రట్టై 1837లో విచారణ జరిగినప్పుడు సోదరులు పెద్ద శిక్షయేదియు లేకుండ బయటపడిరి. తంతిని ఇట్లు వాడుకొనరాదని నిషేధించు చట్టము అంతకుముందు లేకుండుటయే కారణము. ఆ సంవత్సరమే ఫ్రాన్సు ప్రభుత్వము అనుమతి లేకుండ సంకేతములు పంపుటను నేరముగ నిర్ణయించెను. సమాచార యంత్రాంగముపై జరిగిన మొదటి దాడి ఇదియేయని నేడు పలువురు చెప్పుచున్నారు. యంత్రము ముందు వచ్చును, మోసము వెంట వచ్చును, చట్టము వెనుక వచ్చును. చరిత్రలో ఈ క్రమము పెక్కుసారులు కనబడును.

పొగబండిని దాటిన వార్త

ఇంగ్లండులో 1845 జనవరి 1వ తేదీ సాయంత్రము స్లౌ పట్టణము చెంత ఒక స్త్రీ విషప్రయోగముచే మరణించెను. అనుమానితుడు జాన్ టావెల్ రైలెక్కి లండనుకు బయలుదేరెను. అంతకు కొన్ని సంవత్సరములకు ముందైనచో వానిని పట్టుకొనుట దుర్లభము. రైలుకంటె వేగముగ పోవునది అప్పుడు ఇంకొకటి లేదు.

కాని స్లౌనుండి లండనులోని పాడింగ్టన్ స్టేషనువరకు, సుమారు 18 మైళ్ల పొడవున, కుక్, వీట్‌స్టన్ అనువారు నిర్మించిన విద్యుత్తు తంతి అప్పటికే యుండెను. స్లౌ స్టేషనునుండి తంతివార్త పోయినది. హత్య జరిగిన చోటు, రైలు బయలుదేరిన వేళ 7 గంటల 42 నిమిషములు, అనుమానితుని వేషము, పాదములవరకు దిగిన గోధుమవన్నె కోటు, వాడు కూర్చున్న పెట్టె ఏ వరుసలోనిదో, అన్నియు అందు కలవు. వాడు క్వేకర్ మతస్థుల దుస్తులు ధరించెనని చెప్పవలసి వచ్చినది. ఆ పదము ఇంగ్లీషులో 'క్యు' అను అక్షరముతో మొదలగును. ఆ యంత్రమున ఆ అక్షరమునకు సంకేతమే లేదు. పంపువాడు 'కె', 'డబ్ల్యు' అను అక్షరములతో మాటను సరిపెట్టెను. చదువువానికి మొదట అర్థము కాకున్నను తరువాత బోధపడెను. రైలు పాడింగ్టన్ చేరునప్పటికి పోలీసు సిద్ధముగ ఉండెను. టావెల్‌ను వెంబడించి మరునాడు నిర్బంధించిరి. విచారణ జరిగి ఆ మార్చిలో మరణశిక్ష అమలైనది.

ఇది వంచన నేరము కాదు. అయినను మన విషయమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు. పారిపోవువాని వేగముకంటె వార్త వేగము హెచ్చైనచో వాడు ఎంత ముందు బయలుదేరినను చిక్కును. అయితే ఆ వార్త వెంటనే పోవలెను, అందు వివరములు కచ్చితముగ ఉండవలెను. ఎవడో దుర్మార్గుడు రైలెక్కినాడని మాత్రము చెప్పియున్నచో పాడింగ్టన్‌లో ఎవరిని పట్టుకొనగలరు? పెట్టె వరుసయు, కోటు రంగును వానిని పట్టియిచ్చినవి. నేటి ఫిర్యాదులో లావాదేవీ సంఖ్యయు, సమయమును చేయు పని అదియే.

జాడ విడువని నేరము లేదు

వంచకులను పట్టుటకు కావలసిన మరియొక సాధనము సాక్ష్యము. దీని చరిత్రలో మన దేశమునకు ముఖ్యస్థానము కలదు. 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అను అధికారి రాజ్యధర్ కొనాయి అను గుత్తేదారుతో రోడ్డు సామగ్రికై ఒడంబడిక వ్రాసికొనెను. తరువాత అది నా సంతకము కాదని అనకుండుటకై అతని అరచేతి ముద్రను కాగితముపై వేయించెను. 1877లో హూగ్లీ జిల్లాలో ఇదే పద్ధతిని పింఛనుదార్ల విషయమున అనుసరించెను. చనిపోయినవారి పేర ఇతరులు వచ్చి పింఛను తీసికొనుట దానివలన అరికట్టబడినది. ఒకరి పేరున మరియొకడు సొమ్ము తీయుట నేటి నేరము కాదని దీనివలన తెలియుచున్నది. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. ముద్రల వర్గీకరణమునకు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనువారు చేసిన కృషి గొప్పది. ఫ్రాన్సులో ఎడ్మండ్ లొకార్డ్ 1910లో లియాన్ నగరమున పోలీసు ప్రయోగశాలను స్థాపించి, ఏ రెండు వస్తువులు తాకినను ఒకదాని జాడ మరియొకదానిపై నిలుచునను సూత్రమునకు ప్రసిద్ధుడైనాడు.

అంతర్జాల మోసమునకును ఈ సూత్రము వర్తించును. సొమ్ము కంటికి కనబడకుండ పోయినను, ఏ ఖాతానుండి ఏ ఖాతాకు, ఏ నిమిషమున, ఎంత పోయినదో బ్యాంకుల పుస్తకములలో వ్రాయబడియే యుండును. అయితే మన చేతిలోని జాడలను మనమే చెరిపివేయుట కలదు. మోసపోయినవారు కోపముతోనో సిగ్గుతోనో ఆ సంభాషణలను, ఆ నంబరును, ఆ యాప్‌ను తుడిచివేయుదురు. ఇది దొంగ పాదముద్రలను ఇల్లుగలవాడే చీపురుతో ఊడ్చుట వంటిది.

మౌనమను సంకెల

వంచకుడు వేగముకంటె ఎక్కువగ రహస్యముపై ఆధారపడును. అమెరికాలో ఆస్కార్ హార్ట్‌జెల్ అనునాతడు, పదునారవ శతాబ్దిలోని ఇంగ్లీషు నావికుడు సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఆస్తి వారసులకు చెందకుండ నిలిచిపోయినదనియు, దానిని కోర్టులో సాధించుటకు చందాలు కావలెననియు నమ్మించి, 1920 తరువాతి ఏండ్లలో వేలకొలది జనులవద్ద సొమ్ము గుంజెను. చందాదారులు ఈ విషయము ఎవరితోను చెప్పరాదని కట్టడి చేసెను. నోరు విప్పినవారికి వాటా దక్కదని బెదరించెను.

తపాలాద్వారా మోసగించుటను నేరముగ నిర్ణయించిన చట్టము అమెరికాలో 1872నుండి కలదు. ఆ చట్టముక్రింద 1933లో హార్ట్‌జెల్‌కు శిక్ష పడెను. ఆశ్చర్యమేమనగా, అప్పటికిని ఎందరో చందాదారులు అతనిని విశ్వసించుచునే యుండిరి. అతని పక్షమున వాదించుటకు ధనము కూర్చిరి. తాము మోసపోతిమని ఒప్పుకొనుటకంటె ఇంకను ఆస్తి వచ్చునని నమ్ముట వారికి సులభమైనది. పెట్టిన సొమ్మును విడువలేక మరికొంత పెట్టుట మానవ స్వభావము. ఇది తెలివితక్కువతనము కాదు. చదువుకొన్నవారును, ఉద్యోగస్థులును ఇందుకు లోబడుచున్నారు.

నేటి 'డిజిటల్ అరెస్టు' మోసము ఈ రహస్యముయొక్క క్రూర రూపము. పోలీసు వేషమున వీడియోలో కనబడి, నిన్ను నిర్బంధించితిమి, భార్యకును బిడ్డలకును చెప్పరాదు, ఫోను కట్టరాదు అని గంటలకొలది, దినములకొలది భయపెట్టుదురు. మన దేశపు చట్టములో ఇట్టి నిర్బంధము లేనేలేదు. ఎవరితోను చెప్పవద్దని ఎవడైన కట్టడి చేసినచో, వెంటనే చెప్పవలసినదని దాని అర్థముగ గ్రహింపవలెను.

కాలమునకు వెల కట్టిన చట్టములు

సొమ్ము విద్యుత్తుపై ప్రయాణము చేయ మొదలిడిన పిమ్మట చట్టములు కాలమును కొలతగ తీసికొన్నవి. అమెరికాలో 1978లో వచ్చిన ఎలక్ట్రానిక్ నిధుల బదిలీ చట్టము దీనికి మంచి నిదర్శనము. కార్డు పోయినదని తెలిసిన రెండు పనిదినములలో బ్యాంకునకు చెప్పినచో ఖాతాదారునికి గరిష్ఠ నష్టము 50 డాలర్లు. ఆలస్యము చేసినచో అది 500 డాలర్లవరకు పెరుగును. లెక్కల పట్టిక పంపిన 60 దినములవరకును చెప్పనిచో, ఆపైన పోవు సొమ్మునకు మేరయే లేదు.

మన దేశమున 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇదే మార్గమున ఆదేశమిచ్చెను. ఖాతాదారుని తప్పుగాని బ్యాంకు తప్పుగాని లేక, వేరొకచోటి లోపమువలన సొమ్ము పోయిన యెడల, మూడు పనిదినములలో తెలిపినచో అతనికి నష్టము సున్న. నాలుగునుండి ఏడు దినములలో తెలిపినచో ఖాతా రకమును బట్టి 5,000నుండి 25,000 రూపాయలవరకు మాత్రమే అతడు భరింపవలెను. ఆపైన బ్యాంకు తన విధానముననుసరించి నిర్ణయించును. రహస్య సంఖ్యను తానే పరులకు చెప్పినచో, ఫిర్యాదు చేయువరకు పోయినది ఖాతాదారునిది; ఫిర్యాదు అందిన తరువాత పోయినది బ్యాంకుది. ఈ చివరి మాట మరువదగినది కాదు. తప్పు మనదేయైనను ఫిర్యాదు వ్యర్థము కాదు. ఇట్టి నియమములను ప్రభుత్వ సంస్థలు కాలానుసారముగ మార్చుచుండును గనుక అప్పటి నియమమేదో బ్యాంకును అడిగి తెలిసికొనవలెను.

మోసగాని మాట నమ్మి తన చేతితో తానే సొమ్ము పంపినవాని స్థితి ఇంకను కఠినము. అది అనుమతితో జరిగిన చెల్లింపేయని బ్యాంకులు చాలకాలము వాదించినవి. బ్రిటనులో 2024 అక్టోబరు 7నుండి ఈ విషయమున ఒక నూతన నియమము వచ్చినది. ఇట్టివారికి 85,000 పౌండ్ల పరిమితికి లోబడి సొమ్ము తిరిగి ఇయ్యవలెను; ఆ భారమును పంపిన బ్యాంకును, పుచ్చుకొన్న బ్యాంకును చెరిసగము మోయవలెను. దొంగకు ఖాతా ఇచ్చిన బ్యాంకునకును బాధ్యత కలదను భావము ఇందు నూతనమైనది.

మన దేశమున 1930

మన దేశమున తక్షణ చెల్లింపు సేవ 2010లోను, యు.పి.ఐ. 2016లోను వచ్చినవి. ఇవి పండుగనాడును, అర్ధరాత్రియును పనిచేయును. సామాన్యునికి ఇంతకంటె సౌకర్యము లేదు. కాని మోసగానికిని అదే సౌకర్యము. ఒక చిన్న లెక్క చూడుడు. పోయిన సొమ్మును వాడు ఐదు ఖాతాలకు పంచెననుకొందము. ఒక్కొక్కదానినుండి మరి ఐదింటికి పోయినచో ఇరువదియైదు, ఇంకొక మెట్టు పోయినచో నూట ఇరువదియైదు ఖాతాలగును. ఇవి సాధారణముగ కమీషనునకు ఆశపడి ఇతరులు అద్దెకిచ్చిన ఖాతాలు. ఒక్కొక్క మెట్టునకు కొన్ని నిమిషములు చాలును. తరువాత అది ఏ.టి.ఎం.లో నోట్లుగ మారిపోవును. మొదటి మెట్టున ఐదు ఖాతాలను ఆపుట తేలిక. మూడవ మెట్టున నూటయిరువదియైదు ఖాతాలను వెదకుట ఎంతపని!

అందుచేతనే మొదటి గంటను పోలీసువారు 'సువర్ణ ఘడియ' యనుచున్నారు. ప్రమాదమున గాయపడినవానికి మొదటి గంటలో అందు చికిత్స ప్రాణము నిలుపునని వైద్యులు వాడిన మాట ఇది. 2019 ఆగస్టు 30న కేంద్ర ప్రభుత్వము సైబరు నేరముల ఫిర్యాదులకు జాతీయ వెబ్‌సైటును ప్రారంభించినది. 2021లో సొమ్ము మోసములకై ఒక టెలిఫోను సేవ వచ్చినది. మొదట దాని సంఖ్య 155260. తరువాత 1930 అయినది. ఆ నంబరునకు చెప్పిన వెంటనే వివరములు మన బ్యాంకునకును, సొమ్ము చేరిన బ్యాంకునకును పోవును. సొమ్ము ఇంకను అక్కడనే ఉన్నచో నిలిపివేయుదురు. ముందుకు పోయినచో ఆ కబురు తరువాతి బ్యాంకునకు పోవును. స్లౌనుండి పాడింగ్టనుకు పోయిన వార్త వంటిదే ఇది. రైలు వెళ్లు దారి వెంటనే తంతియు పోవుచున్నది. తెలంగాణలో 2023లో ఏర్పడిన సైబరు భద్రతా బ్యూరో ఈ పనిని చూచుచున్నది. అట్లు నిలిపిన సొమ్మును లోక్ అదాలతులద్వారా బాధితులకు తిరిగి ఇప్పించుటయు అక్కడ జరుగుచున్నది.

మోసపోయిన తరువాత చేయవలసినవి

ఇంతవరకు చూచిన చరిత్రనుండియే ఆచరణక్రమము ఏర్పడుచున్నది.

మొదటిది, సొమ్ము పంపుట తక్షణమే ఆపవలెను. పోయినది రాబట్టుటకు ఇంకొంత కట్టుమని చెప్పినచో కట్టరాదు. తరువాత 1930కు ఫోను చేయవలెను. పోయిన మొత్తము, తేదీ, సమయము, మన ఖాతా ఉన్న బ్యాంకు, లావాదేవీ సంఖ్య, సొమ్ము చేరిన ఖాతా లేక యు.పి.ఐ. గుర్తు సిద్ధముగ ఉంచుకొనవలెను. యు.పి.ఐ. లావాదేవీకి పండ్రెండు అంకెల సంఖ్య ఉండును. ఫోను కలియనిచో వెబ్‌సైటులో వ్రాయవలెను. సమీప ఠాణాకు పోయినను సరే. ఊరక వేచియుండరాదు.

రెండవది, బ్యాంకునకు తెలిపి కార్డును, అంతర్జాల సేవను నిలుపుదల చేయించవలెను. ఫిర్యాదు సంఖ్యను, చేసిన వేళను వ్రాసికొనవలెను. పైన చెప్పిన నియమములన్నియు ఆ వేళపైననే ఆధారపడియున్నవి.

మూడవది, మోసగాడు చెప్పగా ఏదైన యాప్ ఎక్కించియున్నచో ఫోనునకు అంతర్జాలమును తెంచి, వేరొక పరికరమునుండి ఈమెయిలు, బ్యాంకు సంకేతపదములను మార్చవలెను. ఫోనులో సిగ్నలు కారణము లేకుండ పోయినచో సిమ్ కార్డు నకలు వేరొకడు తీసియుండవచ్చును. టెలిఫోను కంపెనీని వెంటనే అడుగవలెను.

నాలుగవది, సంభాషణలను, చిత్రములను, నంబర్లను తుడువక భద్రపరుపవలెను. వెబ్‌సైటులోని ఫిర్యాదును పూర్తిచేసి వీనిని జతచేయవలెను. నేరము ఎక్కడ జరిగినను ఏ ఠాణాలోనైన ఫిర్యాదు చేయుటకు 2024 జూలై 1నుండి అమలులోనున్న నూతన చట్టము వీలిచ్చుచున్నది. కంప్యూటరు సాధనములతో మారువేషమున వంచించినవానికి సమాచార సాంకేతిక చట్టము 66-డి సెక్షను క్రింద మూడేండ్లవరకు జైలును, లక్ష రూపాయలవరకు జరిమానాను విధింపవచ్చును.

ఐదవది, రెండవ మోసము రాగలదని ఎరిగియుండవలెను. మీ సొమ్ము రాబట్టి ఇచ్చెదము, కొంచెము రుసుము కట్టుడు అని న్యాయవాదులుగను అధికారులుగను కొందరు వచ్చుదురు. వీరు తరచు మొదటి మోసగాండ్రే, లేదా వారివద్ద పేర్ల పట్టిక కొన్నవారు. ఒకసారి నమ్మినవాడు మరల నమ్మునని వారి లెక్క. పోలీసులు, 1930 సేవవారు ఫిర్యాదుకు రుసుము అడుగరు.

ఇన్ని చేసినను సొమ్ము అంతయు తిరిగి వచ్చునని చెప్పజాలము. నోట్లుగ మారి చేతులు మారినది రాబట్టుట కష్టము. కాని చెప్పినచో కొంతయైన వచ్చుటకు అవకాశము కలదు. చెప్పనిచో అదియును లేదు.

వినువారి బాధ్యత

చివరకు ఉపాధ్యాయులకు ఒక మనవి. ఉన్నత పాఠశాల విద్యార్థులలో పలువురి చేత ఫోనులున్నవి. ఆటలలో, కొనుగోళ్లలో, స్నేహముల పేరుతో వారును మోసపోవుచున్నారు. ఫొటోలు బయటపెట్టుదుమని బెదరించి సొమ్ము అడుగు దుర్మార్గులు కలరు. తండ్రి ఖాతానుండి సొమ్ము పోయిన పిల్లవాడు ఇంట చెప్పుటకు భయపడును. వాడు తలచుకొని తలచుకొని మూడవనాడు చెప్పునప్పటికి సువర్ణ ఘడియ ఎప్పుడో దాటిపోయియుండును. బాలుర కొరకు 1098 అను సహాయ సంఖ్య కలదు. మనసు దిగులుపడి ప్రాణముపై ఆశ సన్నగిల్లినవారికి 2022లో ప్రారంభమైన టెలి-మానస్ సేవ 14416 సంఖ్యలో లభించును. సొమ్ము పోయిన దుఃఖముతోపాటు అవమానమును మోయలేక ప్రాణము తీసికొన్నవారు కలరు గనుక ఈ సంఖ్యలను తరగతి గోడపై వ్రాసియుంచుట మంచిది.

మోసపోయినవాడు వచ్చి చెప్పినప్పుడు మనము సాధారణముగ అడుగు మొదటి ప్రశ్న, "ఎట్లు నమ్మితివి?" అనునది. ఈ ప్రశ్న వానిని మరల మౌనములోనికి నెట్టును. మోసగాడు కోరునదియు అదియే. అడుగవలసిన మొదటి ప్రశ్న, "ఎప్పుడు పంపితివి?" అనునది. దానికి జవాబు వినుచునే 1930 నంబరు నొక్కవలెను. ఎట్లు నమ్మెనో తరువాత తీరికగ విచారింపవచ్చును. ఇన్నూరేండ్లుగ తంతియు, చట్టమును, బ్యాంకుల ఏర్పాట్లును కలిసి మోసపోయినవాని మొరకు కాళ్లు కల్పించినవి. ఆ మొర నోట వెలువడుటకు కావలసిన ధైర్యమును మాత్రము ఏ యంత్రమును కల్పింపజాలదు. అది వినువారి ఓర్పునుండి రావలెను.